చెప్పులేసుకుని నడిచి వెళ్ళే చోటు

రోజంతా పొయ్యి ముందు నిలబడేవాళ్ళు తమ పేటలో ఎక్కడ తింటారు, ఎక్కడ తాగుతారు, ఆ చోటు మంచిదని ఎలా పసిగడతారు? మీరడిగినదాని సారాంశం ఇదే కదా. నేను 22 ఏళ్ళుగా రెస్టారెంట్ వంటింట్లో ఉన్నాను. అంట్లు కడగడంతో మొదలెట్టి ఇప్పుడు కిచెన్ మొత్తం చూసుకుంటున్నాను. నేను వెళ్ళే చోట్ల పేర్లు గడగడా చెప్పేయగలను, కానీ నా వీధి చివరి కొట్టు పేరు మీకెందుకండీ? మీ వీధి చివర ఏముందో మీరే పట్టుకునే కిటుకులు చెబితే పనికొస్తాయి.

ముందు ఒక అపోహ తీసేయాలి. చెఫ్ అంటే సెలవు దొరకగానే పదకొండు రకాలు వరసగా వడ్డించే చోట కూర్చుని, కళ్ళు మూసుకుని రుచులు ఆస్వాదిస్తుంటాడని అనుకుంటారు. అలాంటి చోట్లకీ వెళతాం, ఏడాదికి ఒకటి రెండుసార్లు, పరీక్షకి చదువుకున్నట్టు. మామూలు రోజున కథ వేరు. సాయంత్రం నాలుగింటికి నిలబడి గిన్నెలోంచి తిన్న నాలుగు ముద్దలే మా భోజనం. అక్కణ్ణుంచి రాత్రి దాకా చెంచాతో రుచి చూడడమే: ఈ సాసులో ఉప్పు సరిపోయిందా, ఆ సూపులో పులుపు ఎక్కువైందా అని. నాలుక అలిసిపోతుంది. ఒకే ఉప్పు పదేపదే తగిలితే మొద్దుబారిపోతుంది. అందుకే షిఫ్టు చివర్లో ఉప్పు చూడమని నన్నడగొద్దు, అప్పుడే డ్యూటీకొచ్చిన కుర్రాణ్ణి అడగండి అని మా వాళ్ళకి చెబుతుంటాను. అలా బయటపడ్డ మనిషికి కావాల్సింది పొగలు కక్కే సూపు, ఓ గుడ్డు, కాస్త అన్నమో రొట్టో, పుల్లగా ఏదో ఒకటి. వాటిని ఇంకెవరైనా వండి పెట్టాలి. అదీ మా విలాసం.

మిషెలిన్ చుక్కల గురించి వినే ఉంటారు. మిషెలిన్ అనే టైర్ల కంపెనీ 1900లో కార్లున్నవాళ్ళ కోసం వేసిన గైడు అది. 1926లో అందులో రెస్టారెంట్లకి చుక్కలివ్వడం మొదలెట్టారు, 1931లో ఒకటి, రెండు, మూడు అని మెట్లు కట్టారు. ఆ మెట్ల అర్థం చూడండి. ఒక చుక్క ఉంటే దారిలో ఆగి తినొచ్చు. రెండుంటే దారి మళ్ళి మరీ వెళ్ళొచ్చు. మూడుంటే దానికోసమే ప్రయాణం పెట్టుకోవచ్చు. మూడూ ప్రయాణం లెక్కలే! టైర్లు అరగాలి కదా మరి. పేటలో తిండికి ఆ కొలబద్ద పనికిరాదు. బండి తీయకుండా, బట్టలు మార్చకుండా, చెప్పులేసుకుని వెళ్ళొచ్చే చోటు కావాలి నాకు. వారానికి రెండుసార్లు వెళ్ళినా మొహం మొత్తకూడదు. అందుకని నేను మొదట చూసేది నిలకడ. మంగళవారం తిన్నది శుక్రవారం కూడా అలాగే ఉందా? ఒక్క ప్లేటు బ్రహ్మాండంగా వండడం చేయి తిరిగిన ఎవరికైనా వస్తుంది. రెండొందలో ప్లేటు కూడా మొదటి ప్లేటులాగే రావడం ఎంత కష్టమో మాకు తెలుసు, అది చేసేవాళ్ళంటే మాకు భక్తి.

ఆ నిలకడ చాలావరకు మెనూ పొడవులోనే తెలిసిపోతుంది. ఒక వంటకానికి ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి ఐదారుంటాయి: తరిగినవి, సగం ఉడికించినవి, సాసు, పైన చల్లేది. పన్నెండు వంటకాలంటే, కొన్ని ఉమ్మడివి పోగా, ఓ నలభై డబ్బాలు. ముగ్గురు మనుషులు పొద్దున్నే చేసుకుని సాయంత్రానికి ఖాళీ చేసేయగలరు. అదే మెనూలో నూట ఇరవై ఉన్నాయనుకోండి, వెనక ఉన్నది మాత్రం నాలుగు పొయ్యిలు, ఆ ముగ్గురు మనుషులే. రెండే దారులు. మూడు నాలుగు గ్రేవీలకే ముప్పై పేర్లు పెట్టడం, లేదా ఫ్రీజర్. ఫ్రీజర్ పాపమేం కాదు, బఠాణీలు నేనూ గడ్డకట్టినవే కొంటాను. గొడవంతా పదిరోజులకోసారి అమ్ముడయ్యే సరుకుతో. అది ఎప్పటిదో వండేవాడికే గుర్తుండదు. కాబట్టి మెనూ పుస్తకమంత లావున్న చోట కూర్చోక తప్పకపోతే, మెనూ మూసేసి పక్క బల్లల మీదికి చూడండి. మూడు బల్లల మీద ఒకే వంటకం కనిపిస్తే అదే చెప్పండి. ఆ పూట బాగా తిరుగుతున్న సరుకు అది.

ఇక వాసన. లోపలికి వెళ్ళేముందు గుమ్మం బయట ఒక్క నిమిషం నిలబడతాను. నాతో వచ్చినవాళ్ళు నవ్వుతారు, నవ్వనీయండి. మంచి వంటింట్లోంచి వచ్చే వాసనలో ఉల్లిపాయ వేగుతున్నదో, రొట్టె కాలుతున్నదో విడిగా తెలుస్తుంది. అన్నీ కలిసి గొంతులో గీసుకునే ఒకే వాసనగా వస్తుంటే నూనె పాతదన్నమాట. నూనె కాగుతున్నకొద్దీ విరుగుతుంది, విరిగినకొద్దీ తక్కువ వేడికే పొగలేస్తుంది. ఆ పొగలో ఉండే అక్రోలీన్ అనే పదార్థమే కళ్ళు మండించేది, గొంతు పట్టేసేది. నూనె విరిగినప్పుడు పుట్టే పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే పారబోయాలని చాలా దేశాల్లో నిబంధన ఉంది. దాన్ని కొలిచే మీటరు మీ దగ్గర ఉండదు. కళ్ళుంటే చాలు. బాండీ కనిపించే చోటైతే, బంగాళదుంప ముక్కలు వేసినప్పుడు బుడగలెలా వస్తున్నాయో చూడండి. కొత్త నూనెలో పెద్ద పెద్ద బుడగలు ముక్క చుట్టూ లేచి టపటపా పగిలిపోతాయి. ముక్క వేగేకొద్దీ అవి తగ్గుతాయి, చప్పుడూ తగ్గుతుంది. పాత నూనెలో సబ్బు నురగలాంటి సన్న నురగ బాండీ అంచుదాకా పొంగి, అణగమంటే అణగదు. ఆ నురగ చూశాక నేను అక్కడ వేపుడు ముట్టుకోను.

కూర్చునే చోటు కూడా చూసుకుంటాను. కిటికీ పక్కన కాదు, వంటింటి తలుపు కనిపించేలా. కౌంటర్ ముందు స్టూళ్ళుంటే మరీ మంచిది. అక్కణ్ణుంచి నేను ముందుగా వెతికేది గుడ్డముక్క. ఒకే గుడ్డతో కత్తిపీట తుడిచి, చేతులు తుడుచుకుని, ప్లేటు అంచూ తుడుస్తున్నారా? అలా అయితే మిగతా శుభ్రమంతా పైపూత. వండేవాడు రుచి చూశాడా, చూస్తే చెంచా మార్చాడా అన్నది తర్వాత. ఇంకోటి చప్పుడు. బాగా నడిచే వంటిల్లు రద్దీలో కూడా నిశ్శబ్దంగానే ఉంటుంది. ఆర్డరు కేక వినిపిస్తుంది, దానికి ఎవరో బదులు పలుకుతారు, మళ్ళీ పొయ్యి చప్పుడే. అరుపులూ తిట్లూ వినిపిస్తే ఆ పూట ఏదో చెయ్యి జారిందని అర్థం. మైక్రోవేవ్ కూత మాటిమాటికీ వినబడుతుంటే మాత్రం బిల్లు కట్టి కాఫీకి వెళ్ళిపోతాను.

బాత్రూమ్ చూస్తే వంటిల్లు తెలుస్తుందని ఒక మాట ప్రచారంలో ఉంది. నేను సగమే ఒప్పుకుంటాను. బాత్రూమ్ కడిగేది వేరే మనిషి, వంటిల్లు కడిగేది వేరే మనిషి. అద్దంలా మెరిసే బాత్రూమ్ వెనక జిడ్డోడే వంటిళ్ళలో నేనే పనిచేశాను. దానికన్నా వంటింటి గుమ్మం దగ్గరి నేల చూడండి. అడుగు వేస్తే చెప్పు అతుక్కుంటోందా? పైకి కనిపించే నేలే అలా ఉంటే లోపలి నేల సంగతి ఊహించుకోవచ్చు.

చేపల గురించి కూడా ఇలాంటి మాటే ఉంది. సోమవారం రెస్టారెంటులో చేప తినొద్దని ఆంథొనీ బోర్డెయిన్ అనే అమెరికన్ చెఫ్ 1999లో రాశాడు, శుక్రవారం తెచ్చిన సరుకు అప్పటిదాకా నిలవుంటుందని. ఆ ఒక్క మాట పట్టుకుని జనం ఏళ్ళ తరబడి సోమవారం చేప మానేశారు. రోజులు మారాయి, ఆ సలహాకి కాలం చెల్లిందని 2016లో ఆయనే చెప్పాడు. వారాలతో పనిలేదండీ. మీ దగ్గరి చేపల మార్కెట్ ఏ రోజు మూసేస్తారో తెలుసుకుంటే సరిపోతుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను చెప్పేది గుడ్డు. ఆమ్లెట్ కావచ్చు, మరొకటి కావచ్చు. గుడ్డు దగ్గర దాక్కోడానికి మసాలా ఉండదు. తెల్లసొన 62 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలెడుతుంది, పచ్చసొన 70కల్లా బిగుస్తుంది. ఆ ఎనిమిది డిగ్రీల మధ్యలోనే వంటవాడి ఒడుపంతా. ఆమ్లెట్ అంచు గోధుమరంగు లేసులా అయిపోయి, మధ్యలో నీళ్ళు ఊరుతుంటే, వేసి పక్కకెళ్ళిపోయాడని అర్థం. మరీ తప్పేం కాదు, అతనికి ఇంకో ఆరు ఆర్డర్లుండుండొచ్చు. కానీ రద్దీ లేని మధ్యాహ్నం మూడింటికి కూడా అలాగే వస్తే, అది అలవాటన్నమాట.

రెండోది సూపు. దీని గురించి ఓ సంగతి చెప్పాలి. మా పేటలో ఒక చిన్న చోటికి ఆరేళ్ళు వెళ్ళాను. ఎనిమిది బల్లలు. ఎముకల సూపు అక్కడి పేరున్న వంటకం. మూడు చెంచాలు తాగాక పెదవులు ఒకదానికొకటి మెల్లగా అతుక్కునేవి. ఎముకల్నీ కీళ్ళనీ గంటల తరబడి సన్నసెగ మీద ఉంచితే వాటిలోని కొల్లాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది, ఆ అతుకు దానిదే. ఒక బుధవారం రాత్రి వెళ్ళాను. అదే గిన్నె, అదే రంగు, పైన అవే ఉల్లికాడలు. ఉప్పు కూడా సరిగ్గా అంతే. మూడు చెంచాలయ్యాయి, ఐదయ్యాయి. పెదవులు అతుక్కోలేదు. పైగా నాలుక వెనకభాగంలో ఉప్పదనం ఎంతసేపటికీ వదల్లేదు. రెడీమేడ్ సూపు పొడి కలిపారు. బిల్లు కడుతూ గల్లాపెట్టె దగ్గర "పాత వంటాయన లేడా?" అని అడిగాను. "పోయిన నెలే మానేశాడండీ, మీకెలా తెలిసింది?" అన్నాడు ఓనరు. పెదవుల సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. గ్యాసు ఖర్చు, పది గంటలు పొయ్యి దగ్గర మనిషిని ఉంచే ఖర్చు చెప్పుకొచ్చాడు. ఆ లెక్క నాకూ తెలుసు, కాదనలేకపోయాను. మళ్ళీ వెళ్ళబుద్ధి మాత్రం కాలేదు. అందుకే ఎవరైనా "మా పేటలో ఫలానా హోటలు తిరుగులేనిది" అంటే, అక్కడ వండేది ఎవరని అడుగుతాను. హోటలు బోర్డు మీద ఉండే పేరుకి చేతులుండవు కదా.

వేడి విషయంలో నేను మొండివాణ్ణి. వేడిగా ఉండాల్సింది 60 డిగ్రీల పైన, చల్లగా ఉండాల్సింది 5 డిగ్రీల కింద ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఈ లెక్క మా గోడల మీద అంటించి ఉంటుంది. మధ్యలో ఉన్నదంతా సూక్ష్మజీవుల పండగ. జనం మాంసానికే భయపడతారు గానీ నన్ను మంచం ఎక్కించింది ఉత్త అన్నం. బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి మొలకెత్తి విషం వదులుతాయి, మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. ఒక బఫేలో నోటికి తగిలిన అన్నం గోరువెచ్చగా ఉందని తెలిసీ, వంటవాణ్ణయ్యుండీ, ఆకలికి తినేశాను. నాలుగు గంటలు తిరక్కుండానే బకెట్ పక్కన కూర్చున్నాను. బఫేలో ఒక కిటుకు: పెద్ద తొట్లు నిండుగా ఉన్న చోటుకన్నా, చిన్న తొట్లు పెట్టి మాటిమాటికీ మార్చే చోటు మేలు. పొగ రావాలి. రాకపోతే సలాడ్ దగ్గరికి వెళ్ళిపోండి.

ఇక తాగే చోట్లు. కాఫీ దగ్గర నేను కాఫీ కన్నా ముందు ఆవిరి గొట్టం చూస్తాను, పాలు వేడిచేసే ఆ సన్న ఇనుప గొట్టాన్ని. దానిమీద పాలు ఎండిపోయి తెల్లగా పెచ్చుకట్టి ఉంటే ఇంకేం చూడక్కర్లేదు. పాలు కాచిన వెంటనే తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఆవిరి వదిలే మనిషి దొరికాడంటే పట్టిందల్లా బంగారమే. పాలు 65 డిగ్రీల దాకా కాస్తే తియ్యగా ఉంటాయి, 70 దాటితే ఉడికిన వాసన వచ్చేస్తుంది. జగ్గులో మిగిలిన పాలకే కొత్త పాలు కలిపి మళ్ళీ కాస్తున్నారేమో గమనించండి. మెషీన్ ఒత్తిడితో దించే ఎస్ప్రెస్సో కాఫీ అయితే 25 నుంచి 30 సెకన్లు దిగాలి. పది సెకన్లలో కప్పు నిండిందంటే పుల్లటి నీళ్ళు తాగాల్సిందే. టీకి ఇంత తతంగం లేదు. అప్పుడే కాచిందా, పొద్దున్నుంచీ మరుగుతోందా అన్నదొక్కటే ప్రశ్న. మరిగి మరిగి ఆకులోని వగరు పదార్థాలు, అంటే టానిన్లన్నీ దిగిపోతే నాలుక గరుకెక్కిపోతుంది, ఎంత పంచదార పోసినా ఆ గరుకు పోదు.

షిఫ్టయ్యాక మా వాళ్ళతో కలిసి బార్‌కి కూడా వెళుతుంటాను. అక్కడ నా చూపు గ్లాసు గోడ మీదే. శుభ్రమైన గ్లాసులో బీరు బుడగలు నిటారుగా పైకి లేస్తాయి, గోడకి అంటుకోవు. గోడకి చుక్కలు చుక్కలుగా అతుక్కుని ఉంటే గ్లాసుకి జిడ్డుంది. పీపాలోంచి పైపుల్లో వచ్చే డ్రాఫ్ట్ బీరులో పుల్లటి, వెన్నలాంటి వాసన వస్తే సాధారణంగా పైపులు కడగలేదని. కనీసం రెండు వారాలకోసారి కడగాలన్నది ఈ పనిలో ఉన్నవాళ్ళు చాలామంది చెప్పే లెక్క. గ్లాసుల్లెక్కన అమ్మే వైన్ అయితే "ఈ సీసా ఎప్పుడు తెరిచారు?" అని అడగండి. సిగ్గుపడకండి. మంచి చోట అయితే టక్కున చెబుతారు, లేదంటే కొత్తది తెరుస్తారు. అసలు ఏమీ తాగకపోయినా ఐసు వేసిన మంచినీళ్ళు తెప్పించుకోండి. ఐసు మెషీన్ కడగడం అన్నిటికంటే ముందు మర్చిపోయే పని. నీళ్ళకి పాత గుడ్డ వాసన వస్తే ఆ హోటలు గురించి మీకు సగం తెలిసినట్టే.

ఆన్‌లైన్ రివ్యూలు చదువుతానా అని కూడా అడిగారు. చదువుతాను, కానీ ఐదు చుక్కలవీ ఒక చుక్కవీ దాటేస్తాను. మొదటివాళ్ళు పుట్టినరోజు మూడ్‌లో ఉంటారు, రెండోవాళ్ళకి పార్కింగ్ దొరికి ఉండదు. మూడు చుక్కలిచ్చినవాడు తిన్నది గుర్తుపెట్టుకుని రాస్తాడు. వాటికన్నా ఫొటోలు నయం. ఒకే వంటకానికి వేర్వేరు నెలల్లో వేర్వేరు మనుషులు తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూస్తాను. ముక్కల సైజు, సాసు చిక్కదనం, ప్లేటులో పెట్టిన తీరు అన్నిట్లో ఒకేలా ఉంటే ఆ చోటికి వెళతాను. వెలుతురు బాగాలేని ఫొటోలే నమ్మదగ్గవి.

వెళ్ళడం మొదలెట్టాక నేను చెఫ్‌నని చెప్పను. ఒకసారి తెలిసిపోతే వరస మారిపోతుంది. అడక్కుండానే రెండు ప్లేట్లు వస్తాయి, వాటికి డబ్బు తీసుకోరు, అవన్నీ పూర్తిచేయాలి, లోపల్నించి ఎవరో నా మొహం వంక చూస్తుంటారు. తినడానికి వెళ్ళి పరీక్షాధికారినైపోతాను. తెలిసిన చోట్లలో మాత్రం పూర్తి బిల్లు కడతాను, టిప్పు మామూలుకన్నా ఎక్కువ పెడతాను, ఎదుటివాళ్ళు అడగనిదే సలహా ఇవ్వను. ఇదొక్కటి దెబ్బతిన్నాకే నేర్చుకున్నాను. ఒక చోట మంచి మనసుతోనే "నూనె మార్చే టైమొచ్చినట్టుంది" అన్నాను. నూనె మార్చారు. నన్ను చూసినప్పుడల్లా నవ్వే ఆ సర్వర్ ఆ తర్వాత నవ్వడం మానేశాడు.

పాతకాపుగా మారాలంటే రద్దీ లేని వేళ వెళ్ళండి. వారం మధ్యలో, తలుపులు తెరిచిన అరగంటకి. అప్పటికి పొయ్యిలు వేడెక్కి ఉంటాయి, మనుషులు అలిసిపోయి ఉండరు. రెండు మూడుసార్లు ఒకే వంటకం చెప్పండి, నాలుగోసారి "ఇవాళ ఏం బాగుంది?" అని అడగండి. అన్నీ బాగుంటాయండీ అనే సర్వర్‌తో లాభం లేదు. గొంతు తగ్గించి "ఇవాళ అది వద్దులెండి, ఇది తీసుకోండి" అన్నాడనుకోండి, ఆ చోటు ఇక మీది.

ఒక్క పని మాత్రం చేయకండి. మూసే టైముకి పది నిమిషాల ముందు వెళ్ళి కూర్చోకండి. పొయ్యి కడిగేశాక మళ్ళీ వెలిగించాల్సి వస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అలా వండిన దాంట్లో ఆ విసుగు రుచి కూడా తెలుస్తుంది. నాకు షిఫ్టు ఆలస్యమై, నేను వెళ్ళేసరికి లోపల కుర్చీలు బల్లల మీద బోర్లిస్తూ కనిపిస్తే, అద్దంలోంచే చెయ్యి ఊపి ఇంటికి వెళ్ళిపోతాను. నీళ్ళు మరిగాక గుడ్డు వేసి ఏడు నిమిషాలు. పైన కాస్త ఉప్పు.